దూరదేశవాసులైన వృద్ధులు – స్వదేశమున ఉచిత వైద్యము

తడ సరిహద్దు గ్రామము. ఉత్తరమున సూళ్ళూరుపేట, తూర్పున పులికాట్ సరస్సు, దక్షిణమున కొంచెము దూరము పోయిన ఆరంబాకము. అక్కడితో తమిళనాడు మొదలగును. 1953 అక్టోబరు 1 వఱకు ఈ గీత లేదు. ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన నాడు గీచినారు. 2022లో జిల్లాయును మారి, నెల్లూరు వారమైన మేము తిరుపతి జిల్లా వారమైతిమి. గీతలు ఎన్ని మారినను, పెద్ద రోగము వచ్చినపుడు మా ఊరివాడు పరుగెత్తునది మాత్రము నేటికిని మద్రాసునకే. కనుక ‘నీవు ఏ వైపువాడవు?’ అను ప్రశ్నను ఆసుపత్రి గుమ్మమున వినుట మాకు క్రొత్త కాదు. నేడు నేను విచారింపదలచిన ప్రశ్న కూడ అట్టిదే. కాని అది సముద్రములకు ఆవలి గీతను గూర్చినది.

గడచిన పుష్యమాసమున మా అక్కయు, బావయు అమెరికానుండి వచ్చినారు. బావకు డెబ్బదిమూడేండ్లు. మద్రాసులో ఒక ప్రైవేటు కంపెనీయందు ముప్పదియొక్క సంవత్సరములు లెక్కలు వ్రాసి విశ్రాంతి పొందినవారు. పింఛను లేదు. ఎనిమిదేండ్లుగా న్యూజెర్సీలో కుమారుని యొద్దనే వాసము; గ్రీన్ కార్డు కలదు; పాస్‌పోర్టు మాత్రము ఇంకను మన దేశపుదే. రెండేండ్ల కొకసారి వచ్చి, రెండు నెలలుండి పోవుదురు. ఈసారి రెండు మోకాళ్ళును పట్టివేసి, అరుగు ఎక్కుటకే నా భుజము పట్టుకొనవలసి వచ్చినది.

భోజనములైన పిమ్మట విషయము బయటపెట్టినారు. “అబ్బయా, డెబ్బై దాటినోళ్ళకు కార్డు ఇస్తున్నారంట గదా. ఐదు లక్షల దాకా పైసా లేకుండా చేస్తారంట. నా ఆధార్‌లో తడ అడ్రసే ఉంది. రేపు నువ్వు తోడొస్తే రాయించుకొని, ఈ మోకాళ్ళ పని ఇక్కడే కానిచ్చేస్తా.”

నేను వెంటనే ‘సరే బావా’ అనలేకపోతిని. ఆ మౌనమును అక్క కనిపెట్టినది. బావకు కోపము వచ్చినది. “ఏమబ్బయా, ముప్పై ఒక్క సంవత్సరాలు జీతంలో పన్ను కోసుకున్నారే, అప్పుడు నేను ఈ దేశంవాణ్ణి! ఇప్పుడు కాదా?”

ఆ రాత్రి నేను సమాధానము చెప్పలేదు. తరువాత పలుదినములు ఆలోచించినది ఇచ్చట వ్రాయుచున్నాను. మన కుటుంబములలో పిల్లలు విదేశములందు లేని ఇల్లు నేడు అరుదు. కావున ఇది మా బావ ఒక్కరి మోకాళ్ళ సంగతి కాదని పాఠకులు గ్రహింతురు గాక.

ముందుగా ఒక విషయమును ప్రక్కకు పెట్టెదను. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1954లో ఢిల్లీలో మొదలైన ఆరోగ్య పథకము గాని, మన రాష్ట్ర ఉద్యోగుల ఆరోగ్య పథకము గాని, ఉద్యోగియు పింఛనుదారుడును తమవంతు సొమ్ము చెల్లించి పొందునవి. అది ఒప్పందము. ఒప్పందము చేసికొన్నవాడు న్యూజెర్సీలో ఉన్నను, నెల్లూరులో ఉన్నను, నియమముల ప్రకారము రావలసినది రావలసినదే. దానిపై వాదమే లేదు. మన ప్రశ్న ఏమియు చెల్లింపకుండ లభించు వైద్యమును గూర్చి మాత్రమే. 2018 సెప్టెంబరు 23న ఆయుష్మాన్ భారత్ క్రింద ఆరంభమైన జన ఆరోగ్య యోజన పేద కుటుంబములకు ఏడాదికి అయిదు లక్షల రూపాయల వఱకు ఆసుపత్రి వైద్యము నిచ్చునది. 2024 అక్టోబరు 29న దానిని డెబ్బది నిండిన ప్రతివారికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, విస్తరించినారు. అడుగునది వయస్సు, చూపవలసినది ఆధార్. ఆధార్ ఒకసారి వచ్చిన పిమ్మట మనిషి విదేశమునకు పోయినంతమాత్రమున రద్దు కాదు. మా బావ ఆశకు ఆధారము ఇదియే.

ఇక వారి వాదము. ‘నేను పన్ను కట్టితిని, కావున నాకు రావలెను.’ వినుటకు న్యాయముగనే ఉన్నది. కాని ఆ పన్ను పాతరలో పోసిన ధాన్యము కాదు, మనము తిరిగి వచ్చువఱకు అట్లే ఉండుటకు. ఏ యేటి పన్ను ఆ యేటి రోడ్లకును, బడులకును, ఆసుపత్రులకును వ్యయమైపోయినది. ఆ వ్యయములో బావకు భాగము రాకపోలేదు. ప్రతిదినము సూళ్ళూరుపేట–మద్రాసు రైలెక్కి ఉద్యోగమునకు పోయినారు. నెలవారీ టిక్కెట్టు ఎంత చౌకయో వారికే తెలియును. కుమారుడు ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలో చదివినాడు. ఆ చదువునకైన వ్యయములో వాడు కట్టిన ఫీజు ఎన్నవ వంతు? ఆ చదువే వానిని న్యూజెర్సీకి చేర్చినది. ఇట్లు లెక్క తీయుచు పోయిన బావయే దేశమునకు బాకీ పడునేమో! లెక్కలు వ్రాసిన వారితో లెక్కలు తీయుట నాకు ఇష్టము లేదు గాని, లెక్క మొదలుపెట్టినది వారు.

అంతకంటె పెద్ద దోషము ఆ వాదములో ఇంకొకటి కలదు. మా తడ మండలములో, పులికాట్ నడుమ, ఇరకము అను దీవి ఉన్నది. భీములవారిపాళెము రేవునుండి పడవపై పోవలెను. ఆ దీవిలో ఒకనికి నడిరేయి గుండెనొప్పి వచ్చినచో ముందు పడవ దొరకవలెను, ఆ తరువాతనే వైద్యుడు. వల వేసి బ్రతుకు ఆ మనిషి జన్మలో ఒక్కనాడైనను ఆదాయపు పన్ను కట్టియుండడు. పన్నునుబట్టి వైద్యమనిన, మొట్టమొదట త్రోసివేయవలసినది వానినే. వల కొన్నను, సబ్బు కొన్నను, అగ్గిపెట్టె కొన్నను వాడును పన్ను కట్టుచునే ఉన్నాడని మీరనవచ్చును. నిజమే. కాని రూపాయలు కూడిన బావ పన్ను ముందు వాని పన్ను ఎంత? ఎక్కువ ఇచ్చినవానికి ఎక్కువ వైద్యమనునది అంగడి ధర్మము. ఉచిత వైద్యము పుట్టినదే ఆ ధర్మమునుండి తప్పించుటకు.

సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1946లో తన నివేదికలో, సొమ్ము ఇచ్చుకొనలేని కారణమున ఎవ్వరును తగిన వైద్యమునకు దూరము కారాదని చెప్పినది. స్వాతంత్ర్యమునకు ముందటి మాట అది. రాజ్యాంగము 41వ అధికరణమున, వార్ధక్యమునందును వ్యాధియందును సహాయము పొందు హక్కును కల్పింపవలెనని రాజ్యమును ఆదేశించుచు, తన ఆర్థిక శక్తికి లోబడి అని కూడ చేర్చినది. ఆ శక్తి ఎంతటిదో చూడుడు. దేశములో వైద్యమునకగు మొత్తము వ్యయమున ప్రజలు తమ జేబునుండి నేరుగా పెట్టుకొనునది 2013–14లో నూటికి 64 పాళ్ళు. 2021–22 నాటికి 39 పాళ్ళకు తగ్గినదని ప్రభుత్వ లెక్కలు. తగ్గుట సంతోషమే. అయినను ఇంకను నూటికి 39 పాళ్ళు రోగి ఇంటినుండియే పోవుచున్నది. అటువంటి ఇంటిలో పుస్తె ఏ తాకట్టు దుకాణమున ఉన్నదో వేరుగ చెప్పనక్కర లేదు. గిన్నె చిన్నది, చేతులు అనేకము.

ఇప్పుడు ఎదుటి వాదము. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసికొన్న మా మిత్రుడొకరు ఈ విషయము విని మండిపడినారు. “పోయినోడు పోయినట్టే! అక్కడ సంపాదించేది అక్కడ, ఖర్చు పెట్టేది అక్కడ, రోగం మాత్రం ఇక్కడికి మోసుకొస్తారా?” అన్నారు. విదేశములనుండి మన దేశమునకు వచ్చు సొమ్ము 2024లో నూటయిరువదియైదు కోట్ల కోట్లో ఏదో అయినదని నేనంటిని, నోరు జారినది. తరువాత చూడగా ప్రపంచబ్యాంకు లెక్క ప్రకారము అది సుమారు 12,900 కోట్ల డాలర్లు, ప్రపంచములో మరి ఏ దేశమునకును రానంత. కాని దానివలన మా మిత్రుని వాదము వీగిపోదు. ఆ సొమ్ము ఎవరి ఇంటికి వారు పంపుకొనునది. ఖజానాకు పంపునది కాదు.

నివాసమే ప్రమాణమని చెప్పు దేశములు లేకపోలేదు. 1948 జూలై 5న ఇంగ్లండులో అందరికి ఉచిత వైద్యము మొదలైనది. దానికి ఆధారము పౌరసత్వము కాదు, ఆ దేశమున స్థిరముగ నివసించుట. ఇంగ్లీషువాడైనను విదేశమునకు పోయి స్థిరపడినచో, చుట్టపుచూపుగా వచ్చినపుడు ఆసుపత్రి వైద్యమునకు సాధారణముగ సొమ్ము చెల్లింపవలసియే వచ్చును. ఐరోపా దేశములలో స్థిరపడిన బ్రిటిషు పింఛనుదారుల వైద్యవ్యయమును బ్రిటను భరించుచున్నది గాని, అది ప్రభుత్వముల నడుమ ఒడంబడిక. అమెరికాలో 1965లో చట్టమై, అరువదియైదు దాటిన వారికి అందుచున్న మెడికేర్ కూడ, కొన్ని అరుదైన సందర్భములు తప్ప, ఆ దేశపు ఎల్ల దాటిన ఒక్క డాలరు ఇవ్వదు. నలువది సంవత్సరములు అక్కడ పన్ను కట్టి, హైదరాబాదు వచ్చి స్థిరపడిన మనవారు ఈ సంగతి తెలిసి ఖిన్నులగుట నేను చూచితిని. బావ అడిగిన ప్రశ్ననే వారు అమెరికాను అడుగుచున్నారు!

మన దేశమునందును గీత ఒకటి ఉన్నది: 182 దినములు. ఆదాయపు పన్నునకు నివాసి యెవరని తేల్చుటకు ముఖ్యమైన లెక్క అదియే. 2016 నాటి ఆధార్ చట్టములో నివాసి యనగా నమోదునకు ముందటి పండ్రెండు నెలలలో 182 దినములు ఈ దేశమున ఉన్నవాడు. పన్ను వేయుటకును, గుర్తింపు ఇచ్చుటకును ఒకే కొలబద్ద యగుట బాగుగనే తోచును. అయితే ఈ కొలబద్దను మా మిత్రుడు కోరినట్లు ఆసుపత్రి గుమ్మమున నిలుపవచ్చునా? నిలుపరాదని నాకు తెలిపినది మా వీధిలోని ఒక స్త్రీ.

ఆమెకు యేబదియెనిమిదేండ్లు. భర్త పోయిన తరువాత ఇద్దరు పిల్లలను తల్లికప్పగించి కువైట్ పోయినది. పంతొమ్మిదేండ్లు ఒక ఇంటిలో వంట చేసినది. కువైట్‌లో విదేశీ కార్మికుని ఉనికి ఉద్యోగమును అంటిపెట్టుకొని యుండును. పని ముగిసిన ఉనికియు ముగియును. 2021 జనవరి నుండి అరువది దాటి, పట్టభద్రులు కాని విదేశీ కార్మికులకు పని అనుమతులు తిరిగి ఇచ్చుట ఆ ప్రభుత్వము నిలిపివేసినది. తరువాత రుసుముతోను బీమాతోను సడలించినది. ఇంటిపనివారి నియమములు వేరు కావచ్చును గాని, తత్త్వము ఒకటే: చేతిలో సత్తువ ఉన్నంతవఱకే ఆ దేశమున చోటు. ముసలితనమునకు చోటు లేదు. కడప, రాయచోటి, గోదావరి సీమ, తెలంగాణలో కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫ్ పోయిన లక్షల మందికి ఇదియే వ్రాత. వలసపోవు కార్మికుల కొఱకు 2003లో కేంద్రము ప్రవాసీ భారతీయ బీమా యోజనను పెట్టినది. ప్రమాదమరణమునకు పది లక్షల వఱకు ఇచ్చునది. మంచిదే. కాని అది రెండు మూడేండ్ల ఒప్పందకాలమునకు; తిరిగివచ్చిన తరువాతి ముసలితనమునకు కాదు.

ఆమె చక్కెరజబ్బుతో, చెడిన మూత్రపిండములతో తిరిగివచ్చినది. చికిత్సకు పోగా కార్డులో పేరు లేదన్నారు. ఊరిలో లేదని ఎప్పుడో ఎవరో పేరు తొలగించినారు. ఒక కార్యాలయమున ‘ఇక్కడ నివసించుచున్నట్లు ఋజువు తెమ్మ’ని త్రిప్పినారు. నాయొద్దకు వచ్చి ఆమె అన్న మాట: “అయ్యవారూ, నేను పోయిన కాడ ఉండానే గానీ, అది నా ఊరు ఎట్టవుద్ది? నా ఊరు ఇదే గదా.”

పాఠకులు ఈ ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. డెబ్బది నిండినవి గనుక, ఆధార్ ఉన్నది గనుక, మా బావకు కార్డు వచ్చుటకు అడ్డు లేదు. డెబ్బది నిండలేదు గనుక ఆమెకు ఆ దారి లేదు. పేదలకైన దారియందు పేరు లేదు. పౌరసత్వము, నివాసము, పన్ను – ఈ మూటిలో ఏది కొలబద్దగ తీసికొన్నను ఎక్కడో ఒకచోట అన్యాయము దాపురించుచున్నది. పౌరసత్వము ఇద్దరిని సమానము చేయును. నివాసము ఇద్దరిని త్రోసివేయును. పన్ను బావను ముందుకు, ఆమెను వెనుకకు నెట్టును.

నాకు తోచిన కొలబద్ద ఇది: ఈ మనిషికి తెరచియున్న మరియొక వాకిలి కలదా?

మా బావకు కలదు. అమెరికాలో శాశ్వత నివాసిగా అయిదేండ్లు గడచి, అరువదియైదు నిండినవారు, అక్కడ పని చేయకపోయినను, రుసుము చెల్లించి మెడికేర్‌లో చేరవచ్చును. రుసుము తక్కువేమి కాదు. ఆసుపత్రి భాగమునకే నెలకు అయిదు వందల డాలర్లు దాటును. కుమారుడు లెక్క వేసి, విమానపు టిక్కెట్టే చౌక యని తండ్రికి చెప్పినాడట. ఈ మాట అక్క నాతో వంటయింటిలో మెల్లగ చెప్పినది. అనగా వాకిలి మూసియుండలేదు. తెరచుటకు ఖర్చగునని తెరువలేదు. ఆ ఖర్చును ఇరకము దీవివాని గిన్నెనుండి తీయుట నాకు సమ్మతము కాదు.

ఇక్కడ మనవారికి ఒక శంక కలుగవచ్చును. బసవేశ్వరుని మార్గమున స్థావరము కంటె జంగమమే గొప్ప. తిరుగుచు వచ్చిన జంగమునకు దాసోహము చేయు భక్తుడు ‘ఏ ఊరు? ఎన్నాళ్ళుందువు?’ అని అడుగునా? అట్లడిగినచో అది దాసోహమే కాదు. మరి రాజ్యము ఏల అడుగవలెను? ఈ శంక నన్ను చాల దినములు వేధించినది. దీనికి దారి బసవపురాణమందలి ప్రసిద్ధమైన కథయొకటి చూపినది. బసవన్న భాండారిగా నుండి బిజ్జలుని ధనమును జంగములకు ధారపోయుచున్నాడని కొండెగాండ్రు చెప్పగా, రాజు లెక్క తీయించిన, ఖజానా యథాతథముగ ఉన్నది. దీనిని మహిమ యని విందుము. మహిమను మహిమగనే ఉంచి, అందులోని వ్యవహారమును మాత్రము చూచెదము. తన కాయకముచేత చేసిన దాసోహమునకు లెక్క లేదు. పదిమంది సొమ్ముకు లెక్క ఉన్నది. రెండును ఒకే చేతిమీదుగ నడచుచున్నను రెండింటిని కలుపరాదు. దాసోహము చేయువానికి ప్రశ్న అడుగు హక్కు లేదు. భాండారికి అడుగకుండ ఉండు హక్కు లేదు.

అయితే భాండారి ఎప్పుడు, ఎట్లు అడుగవలెననునది వేరొక విషయము. ప్రాణాపాయమున ఉన్నవానిని ఏమియు అడుగరాదు. 1992లో బెంగాలులో ఒక వ్యవసాయ కూలీ రైలునుండి పడి తలకు గాయమై పోగా, ఒకదాని తరువాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు చోటు లేదని త్రిప్పి పంపినవి. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో సొంత సొమ్ముతో బ్రతికినాడు. 1996లో సుప్రీంకోర్టు అతనికి ఇరువదియైదు వేల రూపాయల పరిహారమిప్పించి, సకాలమున వైద్యమందింపకపోవుట 21వ అధికరణమునకు భంగమని తీర్పు చెప్పినది. ఆ అధికరణము పౌరుడు అనలేదు, మనిషి అన్నది. కావున మా బావ రేపు తడ రైలుస్టేషనులో కూలబడిన, ఆయన చేతిలో ఏ దేశపు కార్డున్నదో చూచుటకు ముందు నాడి చూడవలెను.

శాశ్వతముగ తిరిగివచ్చినవానిని కూడ 182 దినములు నిలువరింపరాదు. 2019లో భారత పాస్‌పోర్టు గల ప్రవాసులకు ఆధార్ విషయమున ఈ నిరీక్షణను తొలగించినారు. అది మంచి మార్గము. అట్లే రేషను కార్డులోను, ఆరోగ్య కార్డులోను తిరిగివచ్చిన దినముననే పేరు చేర్చుకొనవలెను. రోగము ఆరు నెలలు ఆగదు గదా! ఈ చుట్టపుచూపు వారిమాట అడిగితిరా – ఉచితము కాదు గాని, వెళ్ళగొట్టుటయు కాదు. ప్రతి చికిత్సకు పథకములో నిర్ణయించిన ధర ఒకటి ఉన్నది. ఆ ధర చెల్లించి చేయించుకొనవచ్చునని అనిన ఎవరికి నష్టము? ప్రైవేటు ఆసుపత్రి నోటికి వచ్చిన ధర కంటె అది వారికిని మేలే. పాస్‌పోర్టు మార్చుకొన్నవారి సంగతియు నేను వేరుగ చూడను. తిరిగివచ్చి ఇక్కడనే కన్నుమూయదలచిన ముసలివాని చేతిలోని కాగితపు రంగునుబట్టి మందు మార్చనేల?

ఒక తరగతి వృద్ధులను మాత్రము ప్రవాసులని పిలువవద్దు. మనుమల పెంపకమునకని సందర్శకుల వీసాపై పోయి, ఆరు నెలలుండి వచ్చు తల్లులు, అత్తలు. వారికి అక్కడ ఏ వాకిలియు లేదు. ఉన్నది కోడలి వంటగది. వారిల్లు ఇక్కడిదే, వారి వైద్యము ఇక్కడిదే. దినములు లెక్కించి వారిని బయటపెట్టు నియమము ఎవరైన చేసిన, అది చదువుకొన్నవారి మూర్ఖత్వమగును.

అబద్ధములాడువారుండరా యని మా మిత్రుడు అడిగినారు. ఉందురు. తిరిగివచ్చితిమని వ్రాసియిచ్చి, పని కాగానే విమానమెక్కువారు కొందరుందురు. వారిని పట్టుకొనుటకై కువైట్ నుండి వచ్చిన వంటమనిషిని ఆరు నెలలు వాకిట నిలుపుట కంటె, ఆ కొందరివలన నష్టపోవుటే మేలని నా అభిప్రాయము. అవసరము సరిహద్దు దాటినపుడు ప్రభుత్వము కూడ దాటగలదని మా తడవారికి తెలియును. 2007లో ఆరోగ్యశ్రీ యని మొదలై, ప్రభుత్వములు మారినపుడెల్ల పేరు మారుచు వచ్చిన పథకమును 2019 నవంబరులో చెన్నై, బెంగళూరు, హైదరాబాదు ఆసుపత్రులకును కొన్ని చికిత్సలకై విస్తరించినారు. రాష్ట్రపు గీతను దాటుటకు పండ్రెండేండ్లు పట్టినది, దాటినారు గదా.

ఇదంతయు బావతో చెప్పితినా? చెప్పితిని, ఇంత పొడవుగ కాదు. “బావా, మీరు ఇక్కడే ఉంటానంటే రేపే తోడొస్తా. పోతానంటే రాలేను” అంటిని. రెండు దినములు మాటలాడలేదు. మూడవనాడు కుమారునితో ఫోనులో చాలసేపు మాటలాడినారు. ఏమి జరిగినదో నాకు తెలియదు. మద్రాసులో ఒక ప్రైవేటు ఆసుపత్రియందు కుడిమోకాలికి శస్త్రచికిత్స జరిగినది, బిల్లు న్యూజెర్సీనుండి వచ్చినది. ఎడమది వచ్చే యేడాది. నన్ను క్షమించినారో లేదో అడుగలేదు.

ఆ వీధి స్త్రీ అర్జీని వ్రాసినది మా బావయే. మంచముమీద కూర్చుండి, పోయిన తేది, వచ్చిన తేది, తొలగింపబడిన కార్డు సంఖ్య, అన్నియు వరుసగ వ్రాసిపెట్టినారు. లెక్కలు వ్రాసిన చేయి, అక్షరములు ముత్యములు. వచ్చే సోమవారము అర్జీల దినము. ఆమెతో నేను పోవలసియున్నది.